మేస్త్రీ కాలి చప్పుడు

అతని అసలు పేరు కరెంటు బిల్లు మీద తప్ప ఇంకెక్కడా కనపడేది కాదు. అందరికీ అతను పాముచెవులు. సోఫాలు కుట్టడం వృత్తి. పాత సోఫా ఏదైనా దుకాణానికి వస్తే, గుడ్డ విప్పకముందే దాని మీద ఒకసారి కూర్చుని, లేచి, మళ్ళీ కూర్చుని, "ఎడమ నుంచి మూడో స్ప్రింగు విరిగింది, వెనక చెక్కకి రెండు మేకులు వదులయ్యాయి" అనేవాడు. విప్పి చూస్తే సరిగ్గా అదే. సోఫా తెచ్చినవాళ్ళు నోరు వెళ్ళబెట్టేవాళ్ళు. వాళ్ళ చేత నోరు వెళ్ళబెట్టించడానికే అతను అలా కూర్చుంటాడని గిట్టనివాళ్ళు అనేవారు. అందులో నిజం లేకపోలేదు. పదో తరగతితో ఆగిన చదువు, గాలేస్తే పడిపోయే మనిషి, పెళ్ళి మాట ఎత్తితే కుట్టుమిషను జోరు పెంచడం తప్ప జవాబు లేని బతుకు. అలాంటివాడికి లోకం ముందు పెట్టుకోవడానికి ఏదో ఒకటి ఉండాలి కదా. అతనికి చెవులుండేవి.

ఆ చెవుల వల్లే ఆదివారం మధ్యాహ్నాలు అతనివయ్యాయి. ఊరి చివర కోతమిల్లులో, రంపాల షెడ్డు పైన, చెక్క పలకలు పరిచిన ఒక మేడ ఉంది. ఆదివారం రంపం ఆగేది కాబట్టి అక్కడ నలుగురు చేరి బ్లూస్ వాయించేవాళ్ళు. గిటారు పట్టుకుని పాడేది ఆ మిల్లు మేస్త్రీ. పాటలు కట్టేదీ ఆయనే. డ్రమ్స్ దగ్గర పళ్ళ డాక్టరు కింద పనిచేసే అమ్మాయి. వారమంతా పరాయివాళ్ళ నోళ్ళలోకి తొంగి చూసిన కసి ఆదివారం కర్రలతో తీర్చుకునేది. మౌతార్గాన్ ఊదేది రిటైరైన పోస్టుమాను. బేస్ గిటారు వాయించేది మిల్లు పనివాడు, పాముచెవులుకి సొంత అక్క మొగుడు. అంటే బావ.

ఆరేళ్ళ కిందట బావే అతన్ని అక్కడికి తీసుకెళ్ళాడు. పాముచెవులు ఒక పాత రికార్డరు, నాలుగు మైకులు సంపాదించాడు. గోడలకి తన దుకాణంలో మిగిలిన స్పాంజి ముక్కలు అతికించాడు. ఇక అప్పటినుంచి ఒక్క ఆదివారం వదలకుండా వాళ్ళ సాధన రికార్డు చేస్తూనే ఉన్నాడు. ప్రతి సాధనకీ ఒక మెమరీ కార్డు, కార్డు మీద తేదీ. సోఫా గుండీలు వచ్చే అట్టపెట్టెల్లో వరసగా పేర్చేవాడు. అలా తొమ్మిది పెట్టెలు నిండాయి.

బ్లూస్ అంటే ఏంట్రా అని ఒకసారి అక్క అడిగింది. ఒక బాధని ఒక వాక్యంలో చెప్పడం, అదే వాక్యం మళ్ళీ చెప్పడం, మూడోదాంట్లో దానికి తనే సమాధానం చెప్పుకోవడం అన్నాడు.

"ఇంతేనా? మీ బావ రోజూ పొద్దున చేసేది అదేగా. చొక్కా కనపడట్లేదు, చొక్కా కనపడట్లేదు, నువ్వే ఎక్కడో పెట్టేశావు."

బావ పక్కనే కూర్చుని ఉన్నాడు. "అవునవును, రేపు వానొస్తుంది" అన్నాడు. పాముచెవులు పొట్ట చెక్కలయ్యేలా నవ్వాడు. ఒకటి అడిగితే ఇంకోదానికి జవాబు చెప్పడం బావ కొత్తగా నేర్చిన వేళాకోళం అనుకున్నాడు. బావలు ఎగతాళి చేయకపోతే ఇంకెవరు చేస్తారు? ఆ మాటలు నలుగురికీ చెప్పుకుని మళ్ళీ నవ్వేవాడు కూడా. అక్క మాత్రం ఎప్పుడూ నవ్వలేదు. అది అతను గమనించలేదు.

గమనించనివి ఇంకా చాలా ఉన్నాయి. రికార్డింగ్ మొదలుపెట్టే ముందు ప్రతి వారం ఒక నిమిషం అందర్నీ కదలకుండా ఉండమనేవాడు. ఖాళీ గది ఎలా మోగుతుందో ముందు పట్టుకుంటే, తర్వాత పాట లోంచి ఆ గది రొదని తీసేయవచ్చు. ఆ నిమిషంలో పోస్టుమాను దగ్గు ఆపుకోలేక కళ్ళు తేలేసేవాడు, డ్రమ్స్ అమ్మాయి నవ్వు బిగపట్టేది. బావ మాత్రం అందరి మొహాలూ మార్చి మార్చి చూస్తూ ఉండేవాడు. నిమిషం అయిపోయిందని పాముచెవులు నోటితో చెప్పినా, పక్కవాళ్ళు కదిలాకే బావ కదిలేవాడు. బావ చెప్పులు విప్పి ఒట్టి కాళ్ళతో వాయించేవాడు. గిటారు శ్రుతి చెవితో కాకుండా చిన్న దీపం వెలిగే మిషను చూసి సరిచేసుకునేవాడు. పాముచెవులు వీటన్నిటినీ ఆరేళ్ళు చూశాడు. చూశాడంతే.

ఇక్కడ రేడియో సంగతి చెప్పాలి. ఊరి రేడియోలో వారానికి ఒక గంట చుట్టుపక్కల బృందాలకి ఇచ్చేవాళ్ళు. స్టూడియోలో మెరుగుపెట్టినవి కాదు, సాధన గదుల్లో ఎలా వాయిస్తారో అలాగే కావాలన్నారు. పాముచెవులు ఒక అరగంట రికార్డింగు పంపాడు. పాడేది మేస్త్రీ, వాయించేది వాళ్ళు, కానీ ఆ అరగంట చివర "రికార్డు చేసినవారు" అని ఒక పేరు చదువుతారు. ఆ పేరు కరెంటు బిల్లు మీద ఉన్న పేరు. దాని కోసం అతను నెల రోజులు ఎదురుచూశాడు.

జవాబు వచ్చింది. పాటలు బాగున్నాయి, తప్పకుండా వేస్తాం, కానీ కింద ఎవరో తలుపు బాదుతున్నట్టు ఆ దబదబ ఏమిటి, అది లేకుండా ఇంకోసారి చేసి పంపండి అని రాశారు.

అతనికి తల కొట్టేసినట్టయింది. దబదబా? హెడ్‌ఫోన్స్ పెట్టుకుని మళ్ళీ విన్నాడు. నిజమే. పాడుతూ మేస్త్రీ కాలితో పలకల మీద కొట్టే దెబ్బ. ఇంట్లో గోడగడియారం చప్పుడు ఇంట్లోవాళ్ళకి వినపడనట్టు, వారం వారం వినీ వినీ అతని చెవులు దాన్ని వినడం మానేశాయి. మొదట్లో అది అడ్డం అనిపించి, సాయంత్రాలు కార్డు శుభ్రం చేసేటప్పుడు బేస్ కంటే కింది స్థాయి చప్పుళ్ళన్నీ ఒక మీట తిప్పి తీసేసేవాడు. ఈసారి గది ఉన్నదున్నట్టు కావాలన్నారని తీయకుండా పంపాడు. పాముచెవులుకి వినపడని చప్పుడు రేడియోవాళ్ళకి వినపడింది. ఈ అవమానం అతనికి రెండు పూటలు అన్నం సహించనివ్వలేదు.

శనివారం మేస్త్రీ దగ్గర తాళం తీసుకుని మేడ ఎక్కాడు. సోఫాల అడుగున వేసే గట్టి స్పాంజి రెండు పొరలుగా పరిచాడు. పైన తివాచీ వేసి అంచుల వెంబడి చిన్న మేకులు కొట్టాడు. మేకులు పంటి కింద పెట్టుకుని ఒక్కొక్కటే తీసి కొడుతూ, నాలుగు గంటలు మోకాళ్ళ మీద దేకాడు. పని అయ్యాక లేచి గట్టిగా ఎగిరి దూకాడు. పిల్లి దూకినంత చప్పుడు కూడా లేదు.

మర్నాడు మేస్త్రీ మెట్లెక్కి వస్తూనే తివాచీ మీద ఆగిపోయాడు. కాలితో ఒకసారి కొట్టి చూశాడు. ఆయన మొహం మాడిపోయింది. ఇది తీసెయ్, నా కాలికి సుఖంగా లేదన్నాడు. సోఫా మీద నిలబడ్డట్టుంటే ఇంకేం సుఖం కావాలని పాముచెవులు నవ్వాడు. డ్రమ్స్ అమ్మాయి కూడా, అన్నా ఈ ఒక్కరోజుకి పాత పద్ధతిలో కానిద్దామంది. పోస్టుమాను మౌతార్గాన్‌ని చొక్కాకి తుడుస్తూ కూర్చున్నాడు. పాముచెవులుకి ఒళ్ళు మండింది. నాలుగు గంటలు మోకాళ్ళు అరగదీసుకున్నది ఎవరి కోసమట? రేడియోవాళ్ళ కాగితం తీసి అందరికీ చదివి వినిపించాడు. బావ ఒక మూల తల వంచుకుని, ఆ చిన్న దీపం చూస్తూ శ్రుతి చేసుకుంటున్నాడు. మేస్త్రీ బావ వంక చూశాడు, నోరు తెరిచాడు, మళ్ళీ మూసుకున్నాడు.

"సరే కానీ" అన్నాడు చివరికి.

బావ చెప్పులు విప్పి తివాచీ మీదికి వచ్చాడు. కాలివేళ్ళు కదిపాడు. ఇంకోసారి కదిపాడు. తల ఎత్తి బామ్మర్దిని చూసి నవ్వి, "మెత్తగా ఉంది" అన్నాడు. మెచ్చుకున్నాడనుకున్నాడు పాముచెవులు.

మొదటి రెండు పాటలు నెమ్మదివి, గడిచిపోయాయి. బావ కళ్ళు డ్రమ్స్ అమ్మాయి చేతుల మీంచి తిప్పలేదు. మేస్త్రీ స్పాంజిని పగలగొడతాడా అన్నట్టు తొక్కుతున్నాడు, నుదుట చెమట. మూడోది బస్సు పాట. వాళ్ళ పాటల్లో జనానికి బాగా నచ్చింది అదే.

నేను రాకముందే వెళ్ళిపోయింది బస్సు,
నేను రాకముందే వెళ్ళిపోయింది బస్సు,
వచ్చుంటే మాత్రం ఎక్కేవాణ్ణా, ఏమో.

ఆ మూడో వాక్యానికి ముందు అన్ని వాద్యాలూ ఒక్కసారిగా ఆగుతాయి. మేస్త్రీ ఒట్టి గొంతుతో, పక్కింటివాడితో అన్నట్టు ఆ మాట అంటాడు. అప్పుడు మళ్ళీ అందరూ అందుకుంటారు. ఆ పాట బావకి ప్రాణం. అందులో మాత్రం ఆయన కళ్ళు మూసుకుంటాడు. ఆరోజూ మూసుకున్నాడు.

మేస్త్రీ రెండుసార్లు తొక్కాడు. డ్రమ్స్ ఆగాయి. గిటారు ఆగింది. మౌతార్గాన్ ఆగింది.

బావ ఆగలేదు.

మేస్త్రీ మూడో వాక్యం అనకుండా నిలబడిపోయాడు. గదిలో బేస్ ఒక్కటే నడుస్తోంది. కళ్ళు మూసుకుని, తల కొంచెం ఊపుతూ, పెదవుల మీద చిన్న నవ్వుతో బావ నడుస్తూనే ఉన్నాడు. ఊరేగింపు ఎప్పుడో పక్కవీధిలోకి తిరిగిపోతే, ఒక్కడూ తిన్నగా వెళ్ళిపోతున్న మనిషిలా. డ్రమ్స్ అమ్మాయి కర్రలు ఒళ్ళో పెట్టుకుంది. పాముచెవులు హెడ్‌ఫోన్స్ తీసి, "బావా, ఆగు" అన్నాడు. బావ ఆగలేదు. ఇదీ ఆయన వేళాకోళమే అనుకున్నాడతను. రికార్డింగు పాడైపోతోందన్న చిరాకు ఒకటి. మనందరం రోజుకి పదిసార్లు అనే మాటే గొంతెత్తి అన్నాడు.

"ఏంటి బావా, చెవుడా?"

అప్పుడు కూడా బావ వాయిస్తూనే ఉన్నాడు. ఎందుకో కళ్ళు తెరిచాడు. ఒక్కొక్క మొహం చూశాడు. మేస్త్రీ మొహం, పోస్టుమాను మొహం, డ్రమ్స్ మీద లేని చేతులు. ఆఖరున బామ్మర్ది మొహం. ఆయన వేళ్ళు తీగల మీద ఆగిపోయాయి.

మొదటినుంచి చివరిదాకా పదకొండు సెకన్లు. ఆ సంగతి తర్వాత కార్డు చెప్పింది.

బావ గిటారు వైరు పీకి, చుట్ట చుట్టి, సంచిలో పెట్టుకున్నాడు. చెప్పులు తొడుక్కున్నాడు. చెప్పులు తొడుక్కోవడానికి అంతసేపు పడుతుందని పాముచెవులుకి అంతకుముందు తెలియదు. మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

"ఇప్పుడు చాలా?" అన్నాడు మేస్త్రీ.

పాముచెవులుకి ఇంకా అర్థం కాలేదు. అర్థమయ్యేలా మేస్త్రీ చెప్పాడు. నాలుగేళ్ళయింది. పాతికేళ్ళు రంపం పక్కన నిలబడ్డవాడు. ముందు సన్న చప్పుళ్ళు పోయాయి, తర్వాత మాటలు పోయాయి. ఎడమ చెవి పూర్తిగా పోయింది. కుడి చెవిలో గోడ అవతల ఎవరో గొణుగుతున్నట్టు ఉంటుందట. ఒకరోజు వెనక నుంచి కేకేసినా తప్పుకోక దుంగ మీద పడబోతే, రంపం దగ్గర్నుంచి తీసి పలకలు పేర్చే పనిలో వేశాను. బయట అడిగినవాళ్ళకి నడుం నొప్పి అని చెప్పుకుంటానన్నాడు. పాటలో ఒక దెబ్బ అంటే మలుపు, రెండు దెబ్బలంటే ఆగు. పలకల మీద కొడితే వాడి అరికాలికి తెలుస్తుంది.

"నాలుగేళ్ళుగా నా కాలే వాడి చెవి. దాని మీద నువ్వు పరుపేశావు."

పాముచెవులుకి కాళ్ళ కింద నేల లేనట్టయింది. నిజానికి లేదు, స్పాంజి ఉంది. అతనికి ముందు గుర్తొచ్చింది నడుం నొప్పి. బావ నడుం నొప్పికి తను స్వయంగా ఒక మెత్త కుట్టి ఇచ్చాడు. లోపల గుర్రపు వెంట్రుక, పైన మంచి తోలు. రెండేళ్ళుగా బావ తను వచ్చినప్పుడల్లా దాన్ని వీపు వెనక పెట్టుకుని, అబ్బా ప్రాణం లేచొచ్చిందిరా అనేవాడు.

"మీ అందరికీ తెలుసా?" అన్నాడు. డ్రమ్స్ అమ్మాయి తల ఊపింది. పోస్టుమాను తల ఊపాడు.

అక్కడినుంచి తిన్నగా అక్క ఇంటికి వెళ్ళాడు. బావ ఇంకా ఇల్లు చేరలేదు. అక్క ఉతికిన దుప్పట్లు మడత పెడుతోంది. ఏమీ అడగకుండా ఒక దుప్పటి రెండు కొసలు అతని చేతికిచ్చింది. చెరో పక్కా పట్టుకుని మడతలు వేస్తూ అతను జరిగింది చెప్పాడు. చెవుడా అన్న మాట మింగేద్దామనుకున్నాడు. అయినా చెప్పాడు. అక్క చేతులు ఒక్క క్షణం ఆగి, మళ్ళీ మడత వేశాయి.

"నాకెందుకు చెప్పలేదే?"

"నీ నోట్లో నువ్వుగింజ నానదు కాబట్టి" అంది అక్క. ఆ తర్వాత కొంచెం మెత్తబడింది. "అదొక్కటే కాదులే. ఆయనే వద్దన్నాడు. ఆ గదిలో నిజంగా చెవులున్నది వాడొక్కడికే, వాడు కనిపెట్టనంత కాలం నేను బాగా వాయిస్తున్నట్టే లెక్క అన్నాడు. ఆదివారం దాటాక నువ్వు ఇక్కడికొచ్చి వెళ్ళగానే నన్నడిగే మాట ఒకటే. వాడు ఏమైనా అన్నాడా? నువ్వేమీ అనలేదని చెబితే ఆ వారం ఇక ఆయనకి పండగే."

దుప్పటి అతని చేతుల్లోంచి జారిపోయింది. అక్క వంగి తీసుకుంది. గోడ మీద మీట వైపు చూశాడతను. అన్నానికి పిలవడానికి అక్క ఆ గది దీపం రెండుసార్లు ఆర్పి వెలిగించేది. వైరింగు వదులైందనుకుని, పోయిన ఏడాది అడక్కుండానే తను ఆ మీట మార్చేశాడు. అక్క థాంక్స్ కూడా చెప్పింది.

ఇంతకంటే పెద్ద దెబ్బ మర్నాడు పొద్దున దుకాణంలో తగిలింది. షట్టరు సగం దించి, గుండీల పెట్టెలన్నీ నేల మీద పరిచి, కార్డులు ఒక్కొక్కటే వినడం మొదలుపెట్టాడు. శుభ్రం చేసినవి కాదు, అసలువి. మొదటి రెండేళ్ళ కార్డుల్లో మేస్త్రీ కాలి చప్పుడు ఎక్కడా లేదు. ఆయన కాలు కదపకుండా పాడే మనిషి. మూడో ఏడాది మొదట్లో ఒక ఆదివారం అది మొదలవుతుంది, భయంభయంగా, వేలితో బల్ల తట్టినట్టు. ఆ వారం బేస్ రెండుచోట్ల తడబడింది. తర్వాతి వారం దెబ్బ కొంచెం గట్టిది, తడబాటు ఒక్కటి. నెలకి తడబాటు లేదు. ఏడాదికేడాది కాలి దెబ్బ పెరుగుతూనే ఉంది. ఒక మనిషి చెవులు మూసుకుపోతూ ఉంటే ఇంకో మనిషి కాలు లేస్తూ వచ్చిన వైనం అంతా ఆ పెట్టెల్లో తేదీలతో సహా ఉంది. రికార్డు చేసింది తనే. ప్రతి ఆదివారం సాయంత్రం శ్రద్ధగా కూర్చుని, మీట తిప్పి, దాన్ని తుడిచేసిందీ తనే.

పాముచెవులట! ఆ పేరు తలుచుకుంటే అతనికి ఎవరి దవడ అయినా పగలగొట్టాలనిపించింది. దగ్గర్లో ఉన్న దవడ తనదొక్కటే.

కానీ అతని చెవులు ఇంకొక సంగతి కూడా చెప్పాయి. ఈసారి దాన్ని నమ్మాలా వద్దా అని చాలాసేపు ఆలోచించాడు. మూడు కార్డులు మళ్ళీ విన్నాడు, పది విన్నాడు. కాలి దెబ్బనీ బేస్‌నీ మాత్రం ఉంచి మిగతావన్నీ తగ్గించి విన్నాడు. దెబ్బ పడటం, బేస్ మలుపు తిరగడం, రెండింటి మధ్య వెంట్రుక దూరదు. చెవులున్న డ్రమ్స్ అమ్మాయి జారింది, పోస్టుమాను ఊపిరి అందక వెనకబడ్డాడు. బావ జారలేదు. చెవులు ఉన్న రోజులకంటే లేని రోజుల్లోనే బాగా వాయించాడు. ఇది జాలి కాదు. విరిగిన స్ప్రింగు సంగతి ఎంత నిజమో ఇదీ అంతే నిజం.

మంగళవారం మధ్యాహ్నం భోజనాల వేళ రంపం ఆగగానే మిల్లుకి వెళ్ళాడు. బావ పలకల దొంతర మీద కూర్చుని ఉన్నాడు. పాముచెవులు ఎదురుగా వెళ్ళి నిలబడి, మొహం చూస్తూ, నెమ్మదిగా మాట్లాడాడు. ఆరేళ్ళలో అలా మాట్లాడటం అదే మొదటిసారి. నువ్వు బాగా వాయించావు బావా, అన్ని కార్డులూ విన్నాను అన్నాడు.

బావ అతని పెదవులు చదివి తల అడ్డంగా ఊపాడు. "నువ్వు ఇప్పుడు ఇంకేమంటావు? ఇక నీ మాటకి విలువ లేదురా. మొన్నటిదాకా ఉండేది. ఆదివారాలు రాను. మేస్త్రీకి కూడా చెప్పేశాను."

ఆయన అన్నది అబద్ధం కాదు. తెలియనివాడు ఇచ్చిన మార్కులే మార్కులు. తెలిశాక ఇచ్చేవి ముష్టి. చివరికి పాముచెవులు బావ చేయి పట్టుకుని లేపాడు.

"నా మాట నమ్మద్దు. పైకొచ్చి నిలబడు. అంతే."

మేడ మీద తివాచీ లేదు, స్పాంజి లేదు. పొద్దున్నే వచ్చి అన్నీ పీకి మూల చుట్టి పెట్టాడు. పలకల మధ్యలో తన దుకాణంలోని పెద్ద స్పీకరు బోర్లా పడుకోబెట్టి ఉంది, మొహం చెక్కకి ఆనించి. బావ దాని వంక, బామ్మర్ది వంక చూశాడు. ఇదేం పిచ్చి అన్నాడు. అన్నాడు కానీ చెప్పులు విప్పాడు.

పాముచెవులు కార్డు పెట్టి స్పీకరు పూర్తిగా పెంచాడు. పలకలు వణికాయి. మొదట బావ మొహంలో ఏమీ లేదు. తర్వాత కాలివేళ్ళు పలకని పట్టుకున్నట్టు ముడుచుకున్నాయి.

"బస్సు పాట" అన్నాడు.

పాముచెవులు గుడ్డల మీద గీతలు గీసే సుద్ద తీసి పలక మీద తేదీ రాశాడు. మూడేళ్ళ కిందటిది. కార్డు మార్చాడు, ఇంకో తేదీ రాశాడు. మళ్ళీ మార్చాడు. బావ కదలకుండా నిలబడి, మేస్త్రీ కాలినీ తన వేళ్ళనీ పక్కపక్కన అరికాళ్ళతో వింటున్నాడు. ఒకచోట చెయ్యి గాల్లోకి లేచి మలుపు దగ్గర పడింది, సరిగ్గా. ఇంకోచోట, "ఇక్కడ ఆ అమ్మాయి జారింది" అన్నాడు. నిజంగానే జారింది. మెట్ల దగ్గర అన్నం డబ్బా పట్టుకుని మేస్త్రీ ఎప్పుడు వచ్చి నిలబడ్డాడో ఇద్దరూ చూడలేదు.

"మొన్నటిది వెయ్యి" అన్నాడు బావ.

పాముచెవులు వద్దన్నట్టు తల ఊపాడు. బావ చెయ్యి చాచి అలాగే నిలబడ్డాడు. ఇక వేయక తప్పలేదు. మేస్త్రీ కాలు లేకుండా పాట నడిచింది. అన్నీ ఆగాయి. పలకల్లో బేస్ ఒక్కటే మిగిలింది. బావ తల వంచుకుని చివరిదాకా విన్నాడు.

"నడక తప్పలేదు కదరా" అన్నాడు.

"లేదు. వెంట్రుకంత కూడా."

"మరింకేం? ఆగిపోయింది మీరు. తప్పు వాయించింది మీ ముగ్గురూ." నవ్వబోయాడు. సగంలో ఆపాడు. "చివర్లో ఏదో గుర్రుమంది. అదేంటి?"

పాముచెవులు పలక మీదికి వంగాడు. రాయమంటే సుద్ద చేతిలో ఉంది. రాయలేకపోయాడు. ఎదురుగా వచ్చి, మొహం ఎత్తి, పెదవులు స్పష్టంగా కదిపాడు.

"అది నేను. ఏంటి బావా, చెవుడా అన్నాను."

బావ చాలాసేపు అతని పెదవుల మీంచి కళ్ళు తీయలేదు.

"అవును" అన్నాడు బావ.

నాలుగేళ్ళలో ఆ మాట ఆయన నోటితో అనడం అదే మొదటిసారి అని తర్వాత అక్క చెప్పింది. ఆమెతో కూడా ఎప్పుడూ అనలేదట.

రేడియోకి పాముచెవులు పాత రికార్డింగే మళ్ళీ పంపాడు, కాలి దెబ్బ తగ్గించకుండా, ఇంకొంచెం పెంచి. వాళ్ళు ఇంతవరకు జవాబు రాయలేదు. రాస్తారని అతనికి పెద్ద ఆశ కూడా లేదు.

ఆదివారం అందరికంటే ఆఖరున బావ మెట్లెక్కి వచ్చాడు. ఒక భుజాన గిటారు సంచి, ఇంకో చంకలో తోలు మెత్త. మెత్తని తెచ్చి రికార్డరు ముందు కూర్చున్న బామ్మర్ది ఒళ్ళో పడేశాడు.

"ఇది నువ్వే వాడుకో. రోజంతా వంగి వంగి కుట్టేది నువ్వు. నా నడుం గుండ్రాయిలా ఉంది" అని, చెప్పులు విప్పి తన చోటికి వెళ్ళాడు.